ఊరి మాట విను నాయకుడు

యువజన సంఘ నాయకులకు ఉపన్యాస కళ నేర్పుచున్నాము. ఊరివారి మాట వినుట నేర్పుట లేదు. వినినందువలన కలుగు ఫలమునకు మార్లవాయి నిదర్శనము. 1940లో కుమురం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల అసంతృప్తికి కారణమరయుటకు నిజాము ప్రభుత్వము మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాదు అడవులకు పంపెను. ఆయన మార్లవాయిలో గోండుల నడుమ కాపురముండి వారి జీవితమెరిగెను. 1943లో అచ్చటనే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలయ్యెను. గోండి వాచకములు వెలువడెను. పిల్లలకు తమ భాష మాటలాడు గురువులు లభించిరి.

ములకలపల్లి కోయగూడెములలో పనిచేయబోవు యువకులకును ఇదియే తొలిపాఠము కావలె. పిల్లవాడు బడి మానినచో తల్లిదండ్రులను నిందింపక, వారి వాకిట కూర్చుండి కారణమడుగవలె. తోచిన ఉపాయమును ముందు ఒక్క గూడెమున ప్రయత్నించి, వారు కాదన్నచో దిద్దుకొనవలె. నాయకత్వమనగా ఈ ఓర్పే.