ఎడారి తీరంలో బండి ఆపేవారికి
మెక్సికోలో బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం పొడవునా సుమారు 1,700 కిలోమీటర్లు సాగే ఒకటో నంబరు హైవే 1973లో పూర్తయింది. అమెరికా, కెనడా చలికి తాళలేక వ్యాన్లలో దిగివచ్చేవారికి ఆ తీరం శీతాకాలపు విడిది. ములెహే ఊరు దాటాక కన్సెప్సియోన్ అఖాతం ఒడ్డున ఆకుల పందిరి పక్కన బండి ఆపుకుని, వెనక కార్డోన్ జెముళ్లు, ముందు నీలిసముద్రం చూస్తూ నిద్రలేవడం నిజంగా భాగ్యమే. అక్కడి చట్టం ప్రకారం సముద్రతీరం జాతి సొత్తు, ఎవరినీ రావద్దనరు. ఆ ఔదార్యాన్ని అలుసుగా తీసుకోవడమే నాకు మింగుడుపడదు. వాన అరుదైన ఆ చోట ఊరినుంచి మోసుకొచ్చిన మంచినీళ్లతో బండి కడగడం అన్యాయం. టైర్లలో గాలి తగ్గిస్తే ఇసుకలో బండి దిగబడదు, సరే. అంతమాత్రాన తిన్నెల మీదికి ఎక్కించాలా? ఇసుకను పట్టి ఉంచే మొక్కలు చక్రాల కింద ఒకసారి నలిగితే, ఆ ఎడారిలో మళ్లీ తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. రాత్రి బసకు రుసుము వసూలు చేయడానికి వచ్చే స్థానికుడితో బేరాలాడకండి. మరుగుదొడ్డి ట్యాంకును ఊళ్లో అందుకు కేటాయించిన చోటే ఖాళీ చేయండి, మడచెట్ల గట్టున మాత్రం వద్దు. పీతలూ చేపపిల్లలూ పెరిగేది ఆ వేళ్ల మధ్యనే.