ఆవిరి బండికి బొగ్గు కరవు

వేల్స్‌లోని ఫోస్-ఎ-ఫ్రాన్ బొగ్గు గని 2023 నవంబరులో మూతపడింది. దేవుని సృష్టిని కాపాడాలని కోరేవారు సంతోషించారు, నేనూ సంతోషించాను. అయితే బ్రిటన్‌లోని పాత ఆవిరి రైళ్లకు దగ్గరలో దొరికే బొగ్గు దాంతో పోయింది. దూరదేశాల నుంచి ఓడల్లో తెచ్చుకుంటున్నారు, బొగ్గుపొడితో చేసిన ఉండలనూ వాడి చూస్తున్నారు. ఇంత తంటా దేనికి, డీజిల్ ఇంజను తగిలించవచ్చు కదా అని అడిగేవారున్నారు.

టాలిలిన్ రైలు సంగతి తెలిస్తే ఆ ప్రశ్న అంత తేలికగా తోచదు. సముద్రతీరాన ఉన్న టవిన్ నుంచి లోయలోకి సుమారు 12 కిలోమీటర్ల చిన్న లైను అది. బ్రిన్ ఎగ్లూయిస్ పలకరాయి గని కోసం 1860లలో వేశారు (ఆ పేరుకు వెల్ష్ భాషలో చర్చి కొండ అని అర్థమట). దాని యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ పార్లమెంటు సభ్యుడిగా చేశారు. మనకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది: 1916లో వెల్ష్ కీర్తనల పుస్తకం కూర్చినది ఆయనే. బోర్న్‌మౌత్ ప్రసంగీకుడు జె.డి. జోన్స్ ఆయన సోదరుడే. 1946లో గని మూతపడినా, తాను బతికినంతకాలం రైలు నడుస్తుందని మాట ఇచ్చి నిలబెట్టుకున్నారు. 1950లో కన్నుమూశారు.

అప్పుడు రచయిత ఎల్.టి.సి. రోల్ట్, ఆయన మిత్రులు సంఘంగా ఏర్పడి 1951లో లైనును తమ చేతిలోకి తీసుకున్నారు. స్వచ్ఛంద సేవకులు నిలబెట్టిన రైల్వేలలో ప్రపంచంలో ఇదే మొదటిది. మరుసటి ఏడాది గార్డుగా సేవచేసినవారిలో థామస్ ఇంజన్ కథలు రాసిన ఆంగ్లికన్ పాదిరి ఆడ్రీ కూడా ఉన్నారు. నెహెమ్యా కాలంలో ఎవరి ఇంటి ఎదుట గోడను వారు బాగుచేసుకున్నట్టు, సెలవు పెట్టుకుని వచ్చి పట్టాల కింద దిమ్మలు మార్చారు.

డీజిల్‌తో ప్రయాణికుల్ని మోయవచ్చు. కానీ నిప్పు ఎంత వేయాలో, నీటిమట్టం ఎక్కడ ఉంచాలో పుస్తకం చదివితే రాదు. పక్కన నిలబడి నేర్చుకోవాలి. నడపని ఇంజనుతో ఆ విద్య రెండు తరాల్లో పోతుంది. అందుకే ఆవిరి ఉండాలంటాను, తక్కువ రోజులు, కాల్చిన బొగ్గుకు లెక్క చూపిస్తూ. జ్ఞాపకం పేరు చెప్పి పొగను సమర్థించుకోవడం మాత్రం నాకు ఒప్పుకాదు.

మన దేశంలో నీలగిరి రైలు 2005లో యునెస్కో జాబితాలో చేరింది. కొండ, వారసత్వ మార్గాల్లో 35 హైడ్రోజన్ రైళ్లు నడపాలని రైల్వే శాఖ ప్రతిపాదించింది. మంచిదే. కానీ ఇక్కడ అంతా ప్రభుత్వమే చూసుకోవాలి. మిషనరీలు కట్టిన గుడి పైకప్పు కారుతుంటే విదేశాల నుంచి ఉత్తరం కోసం ఎదురుచూసే మన సంఘాలకు ఈ అలవాటు కొత్తేమీ కాదు.

టాలిలిన్ వంటి లైన్లకు ఇప్పుడు బొగ్గుతోపాటు మనుషుల కొరత కూడా ఉంది. 1951 నాటి తరం దాటిపోయింది. పిల్లలను శ్రమదోపిడీ నుంచి కాపాడటానికి 1920లో చేసిన చట్టం, బడి వయసు పిల్లలు ఆ రైళ్లపై స్వచ్ఛందంగా పని నేర్చుకోవడానికీ అడ్డువస్తోందని బ్రిటన్ పార్లమెంటులో చర్చ జరిగింది.