వేషం వేసిన ఈగ

పంచాంగం ప్రకారం వసంతం ఉగాదికి గాని రాదు. మా పెరటి మామిడిచెట్టుకు పంచాంగం చూసే అలవాటు లేదు. రథసప్తమి ఇలా వెళ్ళిందో లేదో, అలా కొమ్మకొమ్మకూ పూత విరగబూసి కూర్చుంది. పూతతోబాటు ఝుంకారం. కావ్యాలలోని ఆ ఝుంకారాన్ని ఇరవైయేళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నవాణ్ణి. సొంత పెరట్లో వినిపిస్తే పొంగిపోవాలి. ఈ ఏడు మాకు ఆ యోగం లేకపోయింది.

సంగతేమిటంటే, కిందటేడు సరిగ్గా ఇదే రోజుల్లో మా అమ్మాయిని తేనెటీగ కుట్టింది. పదమూడేళ్ళ పిల్ల. మొదట తేలిగ్గానే తీసుకున్నాం. మా అత్తగారు ఇనుప తాళంచెవి తెచ్చి రుద్దారు. మా ఆవిడ సున్నం రాసింది. పావుగంట తిరక్కుండా పిల్ల పెదవులు, కనురెప్పలు ఉబ్బిపోయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందక ఎగరొప్పు మొదలైంది. ఆటోలో ఆస్పత్రికి వెళ్ళిన ఆ పది నిమిషాలు నేను తలుచుకోను. డాక్టరుగారు ఎడ్రినలిన్ ఇంజక్షన్ ఇచ్చి గండం గట్టెక్కించారు. పంపించేటప్పుడు మాత్రం, "మళ్ళీ కుడితే ఇంతకంటే ఎక్కువ కావచ్చు, జాగ్రత్త" అన్నారు. ఆ ఒక్క మాట ఏడాదిగా మా యింట్లో కాపురం చేస్తోంది.

అందుచేత పూత చూడగానే మా ఆవిడ తీర్మానం చేసేసింది. "ఏమండీ, కొమ్మలు కొట్టించండి. లేకపోతే ఏదైనా మందు చల్లించండి. రెండిట్లో ఏదో ఒకటి ఈ ఆదివారం లోపల జరగాలి."

నూజివీడు దగ్గర మామిడితోట చేస్తున్న బావమరిదికి ఫోను చేశాను. "పూత నిండుగా వున్నప్పుడు మందు కొడితే కాయమీద ఆశ వదులుకోవాల్సిందే, బావగారూ! మేం తేనెమంచు పురుగుకి కొట్టేదయినా పూత విచ్చుకోకముందే కొడతాం. పూతని పిందె చేసేవి ఆ వాలే పురుగులే కదా. అయినా మీరు తేనెటీగలంటున్నవాటిలో ఈగలెన్నో! దగ్గరగా చూశారా?" అన్నాడు.

చూడలేదు. ఒప్పుకోవడానికి సిగ్గేసింది గాని, చూడలేదు.

మర్నాటినుంచి పొద్దున్నే కాఫీ గ్లాసుతో చెట్టు కింద నా కాపలా మొదలైంది. అమ్మాయి వంటింటి కిటికీ జాలీ వెనకాల. అక్కడికీ "కిటికీ వేసెయ్యవే" అని లోపల్నించి వాళ్ళమ్మ కేకలు.

ఒంటిమీద పసుపూ నలుపూ చారలు చూసి నిర్ణయించే పని పెట్టుకోకండి. చారలు రెండిటికీ వుంటాయి; అదే వేషం. కుట్టే పురుగు రంగులు తొడుక్కుంటే పిట్టలు జంకుతాయి. కొండీ లేని ఈ అమాయకపు ఈగకు ఆ జంకే కవచం. ఇటువంటి వేషాలకు కారణాన్ని అమెజాను అడవుల్లోని సీతాకోకచిలుకలను చూసి, 1862లో బేట్స్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు వివరించి రాశాడు. మన వ్యవసాయశాఖవాళ్ళు ఈ ఈగను సిర్ఫిడ్ ఈగ అంటారు.

పుస్తకాలన్నీ మొదట రెక్కలు లెక్కపెట్టమంటాయి. ఈగకు రెండు, తేనెటీగకు నాలుగు. మాట నిజమే. కాని తేనెటీగ ముందురెక్కనూ వెనకరెక్కనూ సన్నని కొక్కేలతో తగిలించుకుని ఒకే రెక్కలాగా ఎగురుతుంది. ఎగిరే పురుగు రెక్కలు లెక్కపెట్టడం నావంటి వాడివల్ల అయ్యే పని కాదు.

నాకు పనికొచ్చింది మొహం. ఈగకు తలంతా కళ్ళే. మగవాటికయితే రెండు కళ్ళూ నడినెత్తిన కలిసిపోతాయి. మామిడిపూత మీద వాలే ఒక జాతికి ఆ కళ్ళమీద చుక్కలో చారలో కూడా వుంటాయి, అద్దకం వేసినట్టు. మీసాలు మాత్రం మరీ కురచ, వున్నాయా లేవా అన్నట్టు. తేనెటీగ కళ్ళు తలకు చెరోపక్క బుద్ధిగా వుంటాయి. మీసాలు పొడుగ్గా, మోచెయ్యిలాగా మధ్యలో వంగి వుంటాయి. దానికి సన్నని నడుం వుంటుంది. ఈగకు నడుం అనేది లేదు.

ఇక నడవడి. గాలిలో మేకు కొట్టి తగిలించినట్టు ఒకేచోట నిలబడిపోయి, చటుక్కున పక్కకు తప్పుకుని, మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడితే అది దాదాపుగా ఈగే. తేనెటీగకు అంత తీరిక లేదు. పువ్వునుంచి పువ్వుకు పనిమీద తిరుగుతుంది. వెనక కాళ్ళకు పుప్పొడి మూట కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు.

ఇంత నేర్చుకున్నాక మూడోనాడు కొత్తిమీర మడి దగ్గర మా ఆవిణ్ణి పిలిచి, పువ్వుమీది చారల పురుగును చూపించి, "దీని కాలికి మూటేదీ? ఈగ!" అని చెయ్యి చాపాను. అది కుట్టింది. మకరందానికి మాత్రమే వచ్చిన తేనెటీగకు కాలిమూట వుండకపోవచ్చునన్న సంగతి నాకు ఆ విధంగా తెలిసింది. చర్మంలో దిగబడిన కొండీని వెంటనే గోటితో గీకి తీసేశాను. దాని విషపుతిత్తి ఇంకా కొట్టుకుంటూనే వుంటుంది, ఆలస్యం చేయకూడదు. నాకు కాస్త వాచింది, అంతే. మా ఆవిడ రెండురోజులు మాట్లాడలేదు. అది న్యాయమే.

ఆ రెండురోజుల మౌనంలో భాష గురించి ఆలోచించాను. మనం తేనెటీగ అని ఈగల్లో కలిపేశాం గాని, అది ఈగ కాదు. వేషం వేసిందే అసలు ఈగ. సంస్కృతం మొహం చూసినా, షట్పదం అంటుంది. ఆరు కాళ్ళు ఇద్దరికీ వున్నాయి, లాభం లేదు. మధుపం అంటే తేనె తాగేది. అదీ ఇద్దరికీ చెల్లుతుంది. మధుకరం అంటే తేనె చేసేది. ఆ బిరుదు మాత్రం ఈగకు దక్కదు. ఇన్నేళ్ళుగా ఇవన్నీ పర్యాయపదాలని పిల్లలచేత వల్లె వేయించాను!

పొరపడినవాణ్ణి నేనొక్కణ్ణే కాను. ఎద్దు కళేబరంలోంచి తేనెటీగలు పుడతాయని ప్రాచీన రోమనులు నమ్మారు. వర్జిల్ మహాకవి తన వ్యవసాయ కావ్యంలో ఆ తంతంతా వర్ణించాడు. అవి మురికినీటిలో పిల్లలు పెట్టే ఈ వేషగాడి జాతి ఈగలేనని 1894లో ఓస్టెన్-సాకెన్ అనే రష్యన్ దొర తేల్చాడు. మహాకవికే తప్పింది కాదు.

మౌనం విరిగింది చిక్కుడుపాదు వల్ల. పాదుకు పేనుబంక పట్టింది. ఆ పేలమధ్య జలగపిల్లల్లాంటి పురుగుల్ని చూసి మా ఆవిడ నలపబోయింది. అవి కొన్ని సిర్ఫిడ్ ఈగల పిల్లలు, పేనుబంకను తినే బతుకుతాయని అమ్మాయి కిటికీలోంచి అరిచింది. వారంలో పాదు తెరిపిన పడింది. కొమ్మలు కొట్టించే ప్రస్తావన మళ్ళీ రాలేదు.

అయినా డాక్టరుగారు రాసిచ్చిన మందు, సిరంజీ గూట్లో చేతికందేచోట వున్నాయి. ఇద్దరం ఇవ్వడం నేర్చుకున్నాం. పూత రాలేదాకా అమ్మాయి చెట్టుకిందికి వెళ్ళదు. కొత్తిమీర మడికయితే నాలుగడుగుల దూరందాకా వస్తుంది, కాళ్ళకు చెప్పులతో.

నిన్న సాయంత్రం అక్కడే నిలబడి, "నాన్నా, మీ మోచేతి దగ్గర చూడండి" అంది. చూశాను. చారలు. "కదలకండి. కళ్ళు పక్కల్నే వున్నాయి, మీసాలు వంగి వున్నాయి. ఇది ఈగ కాదు" అంది.

కదలకుండా నిలబడ్డాను. అదే ఎగిరిపోయింది.