కలివికోడికి బొగ్గుముక్క చాలు

హొసూరు, క్రిష్ణగిరిల్లో బొమ్మలు గీసే పిల్లలకు,

అంతరించిన జీవుల మీద యానిమేషన్ సినిమా తీయాలని మీరు తిరుగుతున్నారని విని సంతోషించాను. డైనోసార్ అనేసరికి మాత్రం ఊరుకోలేకపోయాను. ఆ పని 1914లోనే అయిపోయింది; విన్సర్ మెకే అనే అమెరికా చిత్రకారుడు వేల బొమ్మలు గీసి గెర్టీ అనే ఆడ డైనోసార్‌ను తెర మీద నడిపించాడు. మీకు కడప జిల్లాలోనే కథ ఉంది.

కలివికోడి. ముళ్లపొదల మధ్య రాత్రిళ్లు తిరిగే పిట్ట, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. 1848లో శాస్త్రానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక జాడ లేదు. పోయిందనే రాసుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుండగా, 1986 జనవరిలో లంకమల కొండల పక్కన రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రి దీపం వెలుతురులో దాన్ని పట్టాడు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చూడటానికి వచ్చేసరికి పిట్ట చచ్చిపోయింది. దొరికిన పిట్టను మళ్లీ పోగొట్టుకున్న ఆ ఘట్టం ఒక్కటే సగం సినిమా.

ఆ తరువాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక అడుగుల గుర్తులు వెతికేవారు. పిట్ట కనిపించదు, అడుగు కనిపిస్తుంది. అద్దం మీద ఇసుక పోసి, కింద దీపం పెట్టి, వేలితో జరుపుతూ ఒక్కో ఫ్రేమూ ఫోటో తీసే పద్ధతి ఉంది కదా, అది ఈ మట్టి కోసమే పుట్టినట్టుంటుంది.

నా ఓటు మాత్రం బొగ్గుకు. దక్షిణాఫ్రికాలో విలియం కెంట్రిడ్జ్ అనే చిత్రకారుడు ఒకే కాగితం మీద బొగ్గుతో గీసి, ఫోటో తీసి, కొంత చెరిపి, మళ్లీ గీస్తాడు. చెరిపిన గీత పూర్తిగా పోదు, మసకగా వెనకే ఉంటుంది. సెకనుకు పన్నెండు బొమ్మలు వేసుకున్నా నిమిషానికి 720 ఫోటోలు. కాగితాలు నాలుగైదు చాలు. కంప్యూటర్లో చెరిపితే శుభ్రంగా పోతుంది. అదే నాకు నచ్చనిది.

పోయిన జీవి తిరిగి రావడం గీసేటప్పుడూ ఆ మసక ఉండనివ్వండి. 2022లో కునో జాతీయ పార్కుకు వచ్చినవి ఆఫ్రికా చీతాలు, మన నేల మీద అంతరించిన ఆసియా చీతాలు కావు. 2025లో అమెరికా కంపెనీ ఒకటి అంతరించిన డైర్ వుల్ఫ్‌ను తిరిగి పుట్టించామని చాటింది. అవి జన్యువుల్లో ఇరవై మార్పులు చేసిన బూడిదరంగు తోడేలు పిల్లలు. కలివికోడిది మరో రకం రాక. ఏళ్ల తరబడి దొరక్కుండా ఉండి, 2025 ఆగస్టులో లంకమలలో కూత మాత్రం రికార్డులోకి వచ్చింది. కాబట్టి ఆఖరి నిమిషంలో పిట్టను చూపించకండి. చూపించాలని చేయి లాగుతుంది, తెలుసు.

బొగ్గుది నల్లగీత; తెల్లగీత కూడా ఎంత బలమైనదో చూడాలంటే మన క్రిష్ణగిరి జిల్లాలోని మల్లచంద్రం గుట్టకు పోండి. అక్కడి రాతి సమాధుల లోపల తెల్లరంగుతో గీసిన బొమ్మలున్నాయి. ముట్టుకోవద్దు, ఫ్లాష్ కొట్టొద్దు.

సినిమాలో మాట పెడితే తెలుగొకటే పెట్టకండి. తమిళం, కన్నడం లేకుండా హొసూరులో ఎవరికి చూపిస్తారు?

మీ పెద్దాయన