గూట్లో కాగితం

మా చిన్నమ్మకి మోకాళ్ళ నొప్పులు, దానికి తోడు నడ్డి నొప్పి. ఉభాలు అయిపోయాక ఓసారి చూసొద్దామని వెళితే అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. డాక్టరేమన్నాడని అడిగితే గూట్లోంచి మూడు తీసి చూపించింది: సగం ఖాళీ అయిన మాత్రల అట్ట, నడుముకి చుట్టుకునే బెల్టు, నాలుగు మడతలు పెట్టిన కాగితం. కాగితం నిండా జిరాక్సు బొమ్మలు. నిక్కరేసుకున్న మనిషొకడు వెల్లకిలా పడుకుని కాలెత్తుతున్నాడు. కింద ఇంగ్లీషు రాత. "ఇవి చేస్తున్నావా?" అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది.

"పొద్దస్తమానం వొంగి చేసిందంతా ఏటి బావూ? మళ్ళీ ఎక్సర్‌సైజులేటి!"

అప్పటికప్పుడు జవాబు తోచలేదు. తిరుగు బస్సులో తట్టింది. మన చాకిరీ అంతా ఒక్క దిక్కుకే. ఆకు తీసినా, నాటినా, కలుపు తీసినా నడుం ముందుకే వంగుతుంది. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళదీ, పొందూరులో రాట్నం ముందు కూర్చునేవాళ్ళదీ అదే కథ: గంటల తరబడి ఒకటే కూర్చోవడం. అరిగేవి అరుగుతుంటాయి, పని లేని కండరాలు వదులైపోతుంటాయి. వ్యాయామం ఆ వదులైనవాటిని పలకరించడానికి.

ఎదురు దిక్కుకి వంచితే నొప్పి తగ్గొచ్చన్న సంగతి ఒక ఫిజియోథెరపిస్టుకి పొరపాటున దొరికింది. న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అని ఒకాయన. 1956లో ఆయన దగ్గరికి నడుము నుంచి కాల్లోకి నొప్పి పాకిన రోగి వచ్చేవాడు. మూడు వారాలైనా గుణం లేదు. ఒకరోజు బోర్లా పడుకోమని చెప్పి మెకంజీ పక్కకి వెళ్ళాడు. అంతకుముందు రోగి కోసం బల్ల తలవైపు ఎత్తి ఉందని చూసుకోలేదు. తిరిగొచ్చేసరికి ఆ మనిషి నడుం వెనక్కి విరిచినట్టు పడుకుని ఉన్నాడు. మెకంజీ గుండె గుభేలుమంది. రోగి మాత్రం మూడు వారాల్లో ఇంత హాయిగా ఎప్పుడూ లేదన్నాడు. రోగిని వెనక్కి వంచడమంటే భయపడే రోజులవి. అలాగని ఇది అందరికీ పడదు. వెన్నులో నరాల దారి ఇరుకైన పెద్దవాళ్ళకి ముందుకి వంగితేనే సుఖం. ఎవరికేది పడుతుందో చూసి చెప్పడానికే ఫిజియోథెరపిస్టు కావాలి, జిరాక్సు చాలదు.

నేనూ ఒకప్పుడు నడుం పట్టేసి ఒకచోట పది సిట్టింగులు కరెంటు పెట్టించుకున్నాను. పడుకోబెట్టి, ప్యాడ్లు అంటించి, మీట నొక్కి వెళ్ళిపోయేవారు. జిల్లుమంటూ బాగానే ఉండేది. వ్యాయామాలు నేర్పింది ఆఖరి రోజున, రెండే నిమిషాలు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొండి నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, నొప్పి గురించి రోగికి విడమరిచి చెప్పడం మంచివంది. నడుం బెల్టులు, ట్రాక్షన్, టెన్స్ అనే కరెంటు యంత్రం మామూలుగా వాడొద్దంది. నా పది సిట్టింగుల డబ్బూ గుర్తొచ్చి కాస్త మండింది, చిన్నమ్మ బెల్టు కూడా గుర్తొచ్చింది.

బెల్టుతో పోయేది డబ్బే. మాత్రల అట్టతోనే నా భయం. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, ఇంటికొకరు డయాలసిస్ మాట ఎత్తే నేల మనది. 2023 చివర్లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారంటే బాధ ఎంతో తెలుస్తుంది. ఉద్దానం జబ్బుకి మూలం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, నొప్పి మాత్రలే అని నేననను. అయితే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి మూత్రపిండానికి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగ్గా తాగని ఒంటికి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కూలి నుంచి వస్తూ మందుల షాపులో "నొప్పి బిళ్ళ రెండియ్యి" అనడం ఇక్కడ టీ తాగినంత తేలిక.

మరి వ్యాయామం ఎందుకు మానేస్తారు? రెండు రోజులు చేసి, నొప్పి పోలేదని. ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆమె మొదటి రోజున ఎత్తింది అంత కాదు. కిలో కిలో కలుపుకుంటూ పోయిన లెక్క అది. మోకాలి వ్యాయామానిదీ అదే లెక్క. కుర్చీలో కూర్చుని, కాలు తిన్నగా చాపి, తొడ బిగించి అయిదు లెక్కపెట్టి మెల్లగా దించాలి. కాలికి పదేసి. వారాలు గడిచాక చీలమండకి చిన్న ఇసక సంచి. కాస్త నొప్పి పుట్టినా పరవాలేదు, మర్నాటికి ఎక్కువైతే తగ్గించుకోవాలి. కాలు పడిపోతున్నట్టున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా, నొప్పికి జ్వరం తోడైనా ఇవన్నీ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి.

నా మట్టుకు నాకు, కాగితం ఇవ్వడం వైద్యం కాదు. పక్కన కూర్చుని లెక్కపెట్టే మనిషి కావాలి. డ్వాక్రా సంఘం మీటింగులో వాయిదా డబ్బు లెక్క తేలాక పది నిమిషాలు అందరూ కలిసి కాళ్ళు చాపితే ఏం పోయింది? జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపిస్టు నెలకో రోజు మండలానికొచ్చి ఆశా కార్యకర్తలకి నేర్పితే చాలు, దానికి కొత్త భవనం అక్కర్లేదు.

మొన్న మళ్ళీ వెళ్ళాను. చిన్నమ్మ మనవరాలు ఆ కాగితం మీది ఇంగ్లీషుని తెలుగులో రాసి గోడకి అంటించింది. పక్కింటావిడని కూడా కూర్చోబెట్టి చేయిస్తోంది. అయిదు లెక్కపెట్టడం చిన్నమ్మకి నచ్చలేదట. ఆకుకట్టలు లెక్కపెట్టినట్టు "ఒక కట్ట... రెండు కట్టలు..." అంటూ కాలు చాపుతోంది. మాత్రల అట్ట ఎక్కడని అడిగితే గూటి వైపు చూపించింది. "ఉండనీ బావూ, ఏ రాత్రి ఎలాగుంటాదో!"