పళ్ళ డాక్టరుకి మాటల పాఠాలు

ప్రశ్న: మా అబ్బాయి బి.డి.యస్. మూడో సంవత్సరం. రోగితో ఎలా మాట్లాడాలో కూడా క్లాసులు చెబుతున్నారట. పళ్ళు పీకడానికి మాటలెందుకండీ?
– ఒక తల్లి, శంషాబాద్

జవాబు: మీ ఊళ్ళోనే చూడండమ్మా. 2008లో విమానాశ్రయం వచ్చాక, "రేపు దుబాయి విమానం, ఇవాళే పన్ను పీకెయ్యండి" అనేవాళ్ళకి కొదవా? దారిలో రక్తం కారినా, రెండు మూడు రోజులకి గడ్డకట్టిన రక్తం ఊడిపోయి నొప్పి లేచినా పరాయి దేశంలో చూసేదెవరు? ప్రయాణం ఎప్పుడని ముందే అడగడం, "ఇప్పుడు వద్దు, నొప్పి తగ్గేలా చేస్తాను" అని కోపం రాకుండా ఒప్పించడం పట్టకారుతో వచ్చే విద్య కాదు.

"బీపీ ఉందా?" అంటే మనవాళ్ళు "లేదు" అంటారు. మాత్ర వేసుకుంటున్నారు గనుక లేదని వాళ్ళ లెక్క! "రోజూ ఏ మాత్రలు వేసుకుంటారు?" అని అడిగితే చీటీ బయటికొస్తుంది. అందులో రక్తం పలచబడే మందు ఉంటే సంగతే వేరు. దాన్ని ఆపమని కుర్ర డాక్టరు సొంతంగా చెప్పకూడదు. రాసిన డాక్టరుతో మాట్లాడాలి.

పిల్లలకైతే ముందు చెప్పి, తర్వాత చూపించి, ఆపైన చెయ్యాలి. 1959లో అమెరికాలో అడిల్‌స్టన్ అనే దంతవైద్యుడు చెప్పిన పద్ధతిది. (మన అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్య కళాశాల పుట్టిందీ ఆ ఏడే.) "నొప్పెయ్యదు" అని అబద్ధమాడితే ఆ పిల్ల మళ్ళీ కుర్చీ ఎక్కదు. "చీమ కుట్టినట్టుంటుంది, ఓర్చుకోలేకపోతే చెయ్యెత్తు" అనాలి, ఎత్తగానే ఆపాలి.

నోట్లో అద్దం పెట్టి ప్రశ్నలడిగే అలవాటు పెద్ద డాక్టర్లకీ ఉందనుకోండి! ఇంట్లో మీరే రోగిలా కూర్చుని మీ అబ్బాయి చేత అడిగించుకోండి. అర్థం కాని మాట వస్తే అక్కడే ఆపండి.