ధాత కరవు కట్టించిన వేధశాల

హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల నుండి యేటేట వేసవిలో అనేక కుటుంబములు బెంగుళూరు మీదుగా కొడైకనాలు పోవుచున్నవి. సరస్సులో పడవ యెక్కుదురు; లోయ యంచున నిలిచి మంచును జూతురు; చాకొలెట్టు పొట్లములు కొని మరలుదురు. ఆ కొండమీదనే, సముద్రమట్టమునకు ఇంచుమించు 2,340 మీటర్ల యెత్తున, సూర్యవేధశాల యొకటి కలదు. దాని గడప త్రొక్కినవా రెందరు? మేమీ ప్రశ్నను వినోదమునకై యడుగుట లేదు. ఆ వేధశాలను కట్టించినది మన కరవు.

1876లో, ధాత నామ సంవత్సరమున, వానలు తప్పెను. రెండేండ్లలో మదరాసు రాజధానియందు లక్షలాది జనులు ఆకటికి మడిసిరి. నాడు బళ్లారి జిల్లాలో చేరియుండిన మన సీమ ఆ మంట నడుమ చిక్కెను. వానలేల తప్పెను? సూర్యబింబముపై మచ్చలు హెచ్చి తగ్గుటకును, ఋతుపవనములకును సంబంధ ముండునేమో యని నాటి శాస్త్రజ్ఞులు తలచిరి. దక్షిణదేశపు గిరిశిఖరమున సూర్యుని నిత్యము పరిశీలింపవలెనను సంకల్పము ఆ విచారమువలన బలపడెను. మైకీ స్మిత్తు స్థలము నెంచగా, 1895లో పునాదిరాయి పడి, 1899లో వేధశాల నెలకొనెను. 1904 మొదలుకొని యచ్చట తీసిన సూర్యుని ఛాయాచిత్రములు శతాబ్దమునకు మించిన దినచర్యగా నిలిచియున్నవి. సూర్యుని మచ్చలలో వాయువులు నడుమనుండి యంచులకు ప్రవహించునని 1909లో ఎవర్‌షెడ్డు కనుగొన్న దచ్చటనే.

మరి వాన మాట యేమాయెను? నాటి వాతావరణశాఖాధిపతి గిల్బర్టు వాకరు సూర్యుని మచ్చలను, వర్షపాతమును ఏండ్లతరబడి పోల్చిచూచి, సంబంధము స్వల్పమని తేల్చెను. ఊహ నెగ్గలేదు. నెగ్గలేదని యచ్చువేసి చెప్పి, ఆయన దూరసముద్రములపై వాయుపీడనముల మార్పులను లెక్కింప మొదలిడెను. నేటి ఋతుపవన సూచనలకు ఆ లెక్కలే యొక యాధారము. వేధశాలలో మనము చూడవలసినది దుర్భిణి మాత్రమే కాదు, ఈ నిజాయితీ.

ఇక మన యింటి కేగుదము. ప్రతి యుగాదినాడును పంచాంగశ్రవణమున వాన యిన్ని కుంచములనియు, అందు సముద్రమున కిన్ని పాళ్లు, పర్వతముల కిన్ని, భూమి కిన్ని యనియు విందుము; తల లూపుదుము. మరుసటి యుగాదికి, నిరుటి కుంచము లెంతవరకు నిజమాయెనని యడిగిన గృహస్థు డొక్కడైన గలడా?

"మన పెద్దల గణితమును నిందింతురా?" యని కొందరు కోపింతురు. నిందింపము. గ్రహణఘడియలను పంచాంగము చెప్పును, గ్రహణము వచ్చును, ఎవరైనను చూచి సరిపోల్చుకొనవచ్చును. అది గణితము, మనకు గౌరవము. కాని యా పుటకు ప్రక్కపుటలోనే వాన కుంచములు కూర్చున్నవి. గ్రహణము సంపాదించిన పరువును అవి యరువు తెచ్చుకొనుచున్నవి. ఒకటి పరీక్షకు నిలుచును. రెండవదానిని పరీక్షించు తలంపే మనకు లేదు. ఈ రెంటిని వేరుచేయుట పెద్దల నవమానించుట కాదు, వారి గణితమును కాపాడుట.

ఏటికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు మన సీమలో ఇది తర్కవిలాసము కాదు. పొడిమాటను నమ్మి విత్తు చల్లిన రైతు అప్పుపాలగును. ఆ యప్పు తీర్చుటకు ముందుగా కరగునది యిల్లాలి మెడలోని బంగారము, ఆగిపోవునది ఆడబిడ్డ చదువు.

కావున గృహస్థులారా, గృహిణులారా, ఈ మాటను చిత్తగింపుడు. కొడైకనాలు పోయినప్పుడు పిల్లలను, విశేషించి బాలికలను, వేధశాలకు గొనిపొండు. ఇది మన కరవునుండి పుట్టినదని చెప్పుడు. మరలివచ్చి పెరటిలో నొక వానకొలత పాత్రను నిలిపి, కురిసిన ప్రతి వానను బిడ్డచేత పుస్తకమున వ్రాయింపుడు. వచ్చు యుగాదినాడు పంచాంగముతోపాటు ఆ పుస్తకమును గూడ చదివింపుడు. ఏది నిలుచునో సభయే నిర్ణయించును.